బెంగళూరులో తక్కువ బడ్జెట్‌తో ఎదిగే వయసు కామెడీ సినిమా తీయడం: కథ నుంచి సెన్సార్ దాకా

బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ సినిమా తీయాలనుకునే తెలుగువాళ్లు పదేపదే అడిగేది ఒకటే. చేతిలో ఐదారు లక్షలు, శని ఆదివారాలు, సాయానికి నలుగురు స్నేహితులు ఉన్నారు. వీటితో గంటన్నర సినిమా అవుతుందా? అవుతుంది, కాకపోతే అన్ని రకాల సినిమాలూ కావు. ఇరవైల్లో ఉన్న కుర్రాళ్లు తడబడుతూ పెద్దవాళ్లయ్యే కథ, అందులోనూ కామెడీ, ఈ డబ్బుకి బాగా కుదురుతుంది. పీజీ (పేయింగ్ గెస్ట్) గది, మెస్, బస్‌స్టాండ్, అమ్మానాన్నల ఫోన్ కాల్స్ ఉంటే సగం సినిమా ఉన్నట్టే.

కింది అంచెలన్నింటికీ ఒకే ఉదాహరణ తీసుకుంటాను. అనంతపురం వైపు నుంచి వచ్చిన 22 ఏళ్ల కుర్రాడు మారతహళ్లి పీజీలో ఉంటాడు. ఉద్యోగం వచ్చిందని ఇంట్లో చెప్పాడు, నిజానికి ఇంకా కోర్సు నేర్చుకుంటున్నాడు. నాన్న చూడ్డానికి వస్తానంటున్నాడు.

## 1. కథకు ముందు చేతిలో ఏమున్నాయో రాసుకోండి

చాలామంది కథ రాసేసుకుని లొకేషన్ కోసం తిరుగుతారు. తక్కువ డబ్బుతో తీసేవాళ్లు దీన్ని తిరగెయ్యాలి. ముందు ఒక కాగితం తీసుకుని ఉచితంగా దొరికేవన్నీ రాయండి: ఏ గది, ఏ మేడ, ఎవరి కిరాణా కొట్టు, ఎవరి స్కూటీ, ఎవరి పెదనాన్నగారి ఇల్లు. పక్కనే అది ఏ రోజు, ఏ గంటల్లో దొరుకుతుందో కూడా రాయాలి. అసలు విషయం ఈ రెండో వరసలోనే ఉంటుంది.

పీజీనే చూడండి. శని ఆదివారాలు అందరూ గదుల్లోనే ఉంటారు. బట్టలు ఉతుక్కుంటారు, మ్యాచ్ చూస్తారు, మెట్ల మీద ఫోన్లు మాట్లాడతారు. ఆ రోజుల్లో అక్కడ సౌండ్ రికార్డు చేయడం అసాధ్యం. వారం మధ్యలో ఉదయం పదకొండు నుంచి సాయంత్రం ఐదు వరకు పీజీ దాదాపు ఖాళీ. అందుకని పీజీ సీన్లకు వారం మధ్య సెలవు పెట్టుకోండి. ఆఫీసుల వీధులు, ఫ్లైఓవర్ కింద నడక లాంటివి ఆదివారం పొద్దున్నకు ఉంచండి. ఆదివారం ఎనిమిదిలోపు బెంగళూరు రోడ్లు మీవే.

లొకేషన్లన్నీ మూడు నాలుగు కిలోమీటర్ల లోపు ఉండేలా కథ రాయండి. ఒకే రోజు మారతహళ్లిలో ఒక సీను, జయనగర్‌లో ఒక సీను పెట్టుకుంటే సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లోనే మీ రోజు అయిపోతుంది.

చెక్‌లిస్ట్:
- ఎనిమిదికి మించకుండా లొకేషన్లు, ఒక్కోదానికీ ఓనర్ పేరు, ఫోన్ నంబర్, దొరికే గంటలు
- ప్రతిచోటా కరెంటు ప్లగ్గులు, బాత్రూమ్, సామాను పెట్టుకునే మూల
- ప్రతిచోటా కళ్లు మూసుకుని ఐదు నిమిషాలు విని రాసుకున్న శబ్దాల జాబితా

మూడోది తప్పనిసరి. పైన వాటర్ మోటార్ ఏ టైముకి వేస్తారో, పక్కన వెల్డింగ్ షాపు ఉందో లేదో అప్పుడే తెలుస్తుంది. మారతహళ్లి, విమానపుర వైపు హెచ్ఏఎల్ ఎయిర్‌పోర్ట్ నుంచి లేచే విమానాలు, హెలికాప్టర్ల చప్పుడు కూడా లెక్కలోకి తీసుకోవాలి.

## 2. కథ: ఒక అబద్ధం, ఒక గడువు

ఈ తరహా కథకు ఒక చిన్న పరీక్ష ఉంది. మొదటి సీన్లో ఈ కుర్రాడు చేయలేని పని ఏది, చివరి సీన్లో చేయగలిగిన పని ఏది? ఒక్క వాక్యంలో చెప్పలేకపోతే స్క్రిప్ట్ మొదలుపెట్టకండి. మన ఉదాహరణలో, నాన్నతో నిజం మాట్లాడలేని కుర్రాడు చివరికి నిజం చెప్పగలుగుతాడు. ప్రేమ కథ ఉండొచ్చు, లేకపోయినా ఫర్వాలేదు.

కామెడీకి గడువు కావాలి. నాన్న ఎప్పుడో వస్తాడంటే నవ్వు రాదు. శుక్రవారం తెల్లారుజామున మెజెస్టిక్ బస్టాండులో బస్సు దిగుతాడంటే ప్రతి సీన్లోనూ టెన్షన్ ఉంటుంది. ఆ టెన్షన్ నుంచే నవ్వు పుడుతుంది.

ఇక జోకుల సంగతి. కుర్రాడికి తను నవ్వు తెప్పిస్తున్నానని తెలియకూడదు. పంచ్ డైలాగుల కోసం వెతక్కండి, వాడి ఇబ్బందిని దగ్గర్నుంచి చూడండి. ఒక సీను ఇలా ఉండొచ్చు. రాత్రి తొమ్మిది, ఇంటి నుంచి ఫోన్.

"అన్నం తింటివా?"

"తింటి నాయనా."

"ఏం కూర?"

వాడు తినలేదు. గోడకి అంటించిన పీజీ మెనూ కాగితం చూసి కంగారులో కింది వరస చదువుతాడు. "సాంబారు, ఆలూ ఫ్రై."

ఫోన్ అమ్మ చేతికి వెళ్తుంది. "ఈ పొద్దు మంగళవారం గదరా. మంగళవారం గుత్తొంకాయ అంటివి కదా? సాంబారు బుధవారం గదా?"

ఇందులో పంచ్ లేదు. పీజీ మెనూ అమ్మకి కంఠతా వచ్చేసిందనే సంగతి నవ్విస్తుంది, ఆవిడ ప్రేమ కూడా అందులోనే కనిపిస్తుంది. ఈ రెండూ ఒకే మాటలో దొరికే సీన్లు పది పన్నెండు ఉంటే సినిమా నిలబడుతుంది. ఒక గది, ఒక ఫోన్, ఒక కాగితంతో ఇది తీసేయొచ్చు.

భాష విషయంలో శ్రద్ధ పెట్టండి. బెంగళూరులో వినిపించే తెలుగు ఒకటి కాదు. అనంతపురం, చిత్తూరు వైపు నుంచి వచ్చినవాళ్ల యాస వేరు, కోస్తా, తెలంగాణ పిల్లల మాట వేరు, ఇక్కడే పుట్టి పెరిగినవాళ్ల తెలుగు మరీ వేరు. ఇక్కడి పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడి, వీధిలోకి రాగానే "ఏన్ గురూ" అంటారు. వీళ్లందరి చేతా టీవీ తెలుగు మాట్లాడిస్తే సినిమా చచ్చిపోతుంది. ఏ ఊరి పాత్రకు ఆ ఊరివాళ్లతో డైలాగులు ఒకసారి చదివించి, వాళ్ల నోట ఎలా మారాయో అలాగే దిద్దుకోండి.

కన్నడ రాకపోవడం వల్ల మన కుర్రాడు పడే పాట్లు నవ్వొచ్చేలా చూపించండి. కన్నడనూ కన్నడిగులనూ మాత్రం ఎగతాళి చేయకండి. మనం ఉంటున్నది వాళ్ల ఊళ్లో. పైగా ఆటో డ్రైవర్‌ని, పీజీ వంటమనిషిని గౌరవంగా రాస్తే ఆ పాత్రలే ఎక్కువ గుర్తుండిపోతాయి.

కొలతలు:
- స్క్రిప్ట్ సుమారు 80 పేజీలు. పేజీకి ఒక నిమిషం అనేది మామూలు లెక్క
- ముఖ్య పాత్రలు ఐదారు, సీన్లు 55 లోపు
- రాత్రి అవుట్‌డోర్ సీన్లు మూడు లోపు
- పూర్తయిన సినిమా 72 నిమిషాలు దాటాలి. భారత అంతర్జాతీయ చిత్రోత్సవం (ఇఫీ)లో ఇండియన్ పనోరమా ఫీచర్ విభాగానికి అంతకు మించిన నిడివి అడుగుతారు

## 3. స్క్రిప్ట్‌ని బయటివాళ్ల ముందు చదవండి

స్క్రిప్ట్ అయ్యాక షూటింగ్‌కి ఉరకొద్దు. ఎనిమిది పది మందిని కూర్చోబెట్టి, పాత్రలు పంచి, మొదటి నుంచి చివరి వరకు మధ్యలో లేవకుండా చదివించండి. వాళ్లలో సగం మందికి మీ కథ ముందే తెలిసి ఉండకూడదు. మీరు చదవొద్దు, వివరించొద్దు. పెన్ను పట్టుకుని మూడు గుర్తులు పెట్టండి: నవ్విన చోట, ఫోన్ చూసుకున్న చోట, ఎవరు ఎవరో అర్థంకాక వెనక్కి తిప్పిన చోట.

రెండో రకం గుర్తులు వరసగా మూడు సీన్లలో పడితే అక్కడ ఒక సీను తీసేయాలి. కాగితం మీద తీసేసిన సీనుకి ఖర్చు లేదు. అదే సీను తీసి ఎడిటింగ్‌లో పారేస్తే అర రోజు భోజనాలు, అద్దె, అందరి ఓపిక దండగ.

కథ ఎవరితోనైనా పంచుకునే ముందు ముంబైలోని స్క్రీన్‌రైటర్స్ అసోసియేషన్‌లోనో, మరో రచయితల సంఘంలోనో రిజిస్టర్ చేయించండి. స్క్రీన్‌రైటర్స్ అసోసియేషన్‌లో ఆన్‌లైన్లోనే చేయొచ్చు.

## 4. బడ్జెట్: ముందు భోజనం, తర్వాత సౌండ్, ఆఖర్న కెమెరా

చిన్న సినిమాలు ఎక్కువగా ఆగిపోయేది భోజనం, ప్రయాణం లెక్క తప్పడం వల్లే. 80 పేజీలు, రోజుకు 5 పేజీలు అనుకుంటే 16 రోజులు. నటులతో కలిపి రోజుకు సగటున 18 మంది, మనిషికి టిఫిన్, భోజనం, టీలు కలిపి 350 రూపాయలు వేసుకుంటే 1,00,800. ఈ ఒక్క పద్దు లక్ష దాటింది. దీన్ని పక్కన పెట్టేశాకే మిగతావి పంచండి.

డబ్బు తీసుకోకుండా పనిచేసేవాళ్లకు మంచి భోజనం పెట్టడం కనీస మర్యాద. ఒక ఆంధ్రా మెస్‌తో 16 రోజులకీ ముందే మాట్లాడుకోండి. టైముకి వేడిగా రావాలన్నదే ఒక్క షరతు.

తర్వాత సౌండ్ రికార్డిస్ట్. యూనిట్‌లో ఒక్కరికే జీతం ఇవ్వగలిగితే ఆ డబ్బు ఈయనకే ఇవ్వండి. బొమ్మ కాస్త అటూ ఇటూ ఉన్నా ప్రేక్షకుడు సర్దుకుంటాడు, మాట వినపడకపోతే సర్దుకోడు. కామెడీలో అయితే ఒక్క పదం మింగేసినా నవ్వు పోయినట్టే.

మిగతా పద్దులు: లైట్లు, లెన్సుల అద్దె, ప్రయాణాలు, నటులకు గౌరవ పారితోషికం, రెండు హార్డ్ డిస్కులు, సౌండ్ మిక్సింగ్, డీఐ (రంగులు దిద్దడం), సంగీతం, సబ్‌టైటిల్స్, థియేటర్ ఆలోచన ఉంటే డీసీపీ (థియేటర్‌లో వేసే డిజిటల్ కాపీ), సెన్సార్ ఫీజు. మొత్తంలో పది శాతం ముట్టుకోకుండా ఉంచండి. షూటింగ్ ఆపి డబ్బు పోగుచేసుకోవచ్చనుకోవద్దు. మూడు నెలల తర్వాత ఆ కుర్రాడి ముఖం, జుట్టు, ఉద్యోగం ఏవీ అలాగే ఉండవు. పోస్ట్ ప్రొడక్షన్ డబ్బు మాత్రం కాస్త ఆలస్యంగా సర్దుకున్నా నడుస్తుంది.

## 5. నటులు, రిహార్సల్

బెంగళూరులో తెలుగు నటుల కోసం చూడాల్సిన చోట్లు: కాలేజీ తెలుగు సంఘాలు, సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఉగాదికి నాటకాలు వేసే బృందాలు, ఇంప్రోవ్ (అప్పటికప్పుడు అల్లి ఆడే నాటకం), స్టాండప్ ఓపెన్ మైక్‌లు. స్టాండప్ చేసేవాళ్లకు టైమింగ్ బాగుంటుంది, కానీ ఎదుటివాళ్ల మాట వినడం కొందరికి అలవాటు ఉండదు. ఆడిషన్‌లో ఇద్దరిని కలిపి కూర్చోబెట్టండి. మాట్లాడుతున్నవాళ్లను వదిలేసి వింటున్నవాళ్ల ముఖం చూడండి. వినేటప్పుడు ముఖంలో ఏదో జరిగేవాళ్లే కామెడీకి పనికొస్తారు.

అమ్మానాన్నల పాత్రలకు ఆ యాస నిజంగా ఉన్న పెద్దవాళ్లను వెతకండి. నటన రాకపోయినా నేర్పొచ్చు. అరవై ఏళ్లు మాట్లాడిన యాసను రెండు వారాల్లో ఎవరికీ నేర్పలేం.

పదహారు పదిహేడేళ్ల పాత్రలకు కూడా పద్దెనిమిది నిండినవాళ్లనే తీసుకుంటే మీకు హాయి. పద్నాలుగేళ్ల లోపు పిల్లలు నటిస్తే జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి కావాలి. రోజుకు ఐదు గంటలకు మించి పనిచేయించకూడదు, విశ్రాంతి లేకుండా మూడు గంటలు దాటకూడదు, వాళ్ల పారితోషికంలో కనీసం 20 శాతం పిల్లల పేరు మీద ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. ఇవి చట్టం చెప్పే లెక్కలు, స్నేహితుడి తమ్ముడే కదా అని వదిలేయకండి.

రిహార్సల్ ఎంత చేస్తే అంత డబ్బు మిగులుతుంది. గదిలో చేసే రిహార్సల్‌కి టీ ఖర్చు తప్ప ఏమీ లేదు. వరస ఇలా పెట్టుకోండి:

- మొదటి వారం: స్క్రిప్ట్ పట్టుకుని కూర్చుని చదవడం మాత్రమే
- రెండో వారం: స్క్రిప్ట్‌లో లేని సందర్భాలు ఆడించడం. ఇద్దరు రూమ్‌మేట్లు అద్దె పంచుకోవడం, ఒకరి చార్జర్ ఒకరు వాడుకోవడం లాంటివి
- మూడో వారం: అసలు లొకేషన్లో నిలబెట్టి, ఫోన్‌తో షూట్ చేసి చూసుకోవడం

రెండో వారంలో పుట్టిన మంచి మాటల్ని స్క్రిప్ట్‌లోకి ఎక్కించి అక్కడితో ఆపండి. షూటింగ్ రోజు కొత్త జోకులు మొదలైతే రోజుకి ఐదు పేజీలు కావు, రెండే అవుతాయి.

## 6. అనుమతులు, అగ్రిమెంట్లు

ఎవరికీ నచ్చని పని ఇదే, సినిమాలు అమ్ముడుపోకుండా ఆగేది కూడా ఇక్కడే. హక్కుల కాగితాలు లేని సినిమాను ఏ ఓటీటీ తీసుకోదు.

లొకేషన్లు: ప్రైవేటు స్థలానికి ఓనర్ సంతకం చేసిన లేఖ ఉండాలి. పీజీలో అయితే కెమెరాలో పడే అవకాశం ఉన్నవాళ్లకు ముందురోజే చెప్పి, ఇష్టంలేని వాళ్లను తప్పించండి. రోడ్డు మీద తీస్తే స్థానిక పోలీస్ స్టేషన్‌లో అనుమతి తీసుకోవాలి. లాల్‌బాగ్, కబ్బన్ పార్క్ ఉద్యానవన శాఖ కింద ఉంటాయి. మెట్రో స్టేషన్ లోపల తీయాలంటే మెట్రో సంస్థ బీఎంఆర్‌సీఎల్ అనుమతి, రైల్వే స్టేషన్‌కి రైల్వే అనుమతి కావాలి. ఇలాంటి చోట్ల ఫీజులు చిన్న సినిమాకి భారం. మెజెస్టిక్‌లో నాన్న బస్సు దిగే సీను మీ ప్రాణమనుకుంటే డబ్బు కట్టి సరిగ్గా తీయండి, లేదా దిగిన తర్వాత టీకొట్టు దగ్గర మొదలుపెట్టండి. అనుమతి లేకుండా దాక్కుని తీస్తే అరగంటలో సెక్యూరిటీ వస్తారు, ఆ రోజు పోతుంది.

టెక్ పార్కుల లోపలి రోడ్లు కూడా ప్రైవేటు స్థలాలే. కంపెనీ పేరు, ఐడీ కార్డు మీరే డిజైన్ చేసుకోండి. నిజమైన కంపెనీ లోగో ఫ్రేములో ఉండకూడదు.

డ్రోన్ షాట్ ఆశ వదులుకోవడం మంచిది. హెచ్ఏఎల్ ఎయిర్‌పోర్ట్, యలహంక ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ ఉన్న ఊరు ఇది. ఎక్కడ ఎగరేయొచ్చో ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో చూడకుండా చేయి పెట్టకండి.

కుక్క, పిల్లి, ఆవు నటిస్తే జంతు సంక్షేమ బోర్డు అనుమతి షూటింగ్‌కి ముందే తీసుకోవాలి. సెన్సార్ వాళ్లు ఆ కాగితం అడుగుతారు. వీధి కుక్కతో హీరో ఆడుకునే ముచ్చటైన సీను రాసుకునే ముందు ఇది గుర్తుపెట్టుకోండి.

అగ్రిమెంట్లు: రచయిత, సంగీత దర్శకుడు, పాట రాసినవాళ్లు, ఎడిటర్, నటులు అందరితోనూ షూటింగ్‌కి ముందే రాతపూర్వకంగా ఉండాలి. కాపీరైట్ చట్టంలో 19వ సెక్షన్ చాలామందికి తెలియదు. హక్కులు బదిలీ చేసే కాగితంలో ఎంతకాలానికో రాయకపోతే ఐదేళ్లకే అని అర్థం, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికే అని అర్థం. అందుకే కాపీరైట్ పూర్తి కాలానికి, ప్రపంచమంతటికీ అని స్పష్టంగా రాయించండి. స్నేహితుడైనా సరే. స్నేహం నిలబడాలన్నా ఈ కాగితం ఉండాలి.

## 7. కెమెరా, సౌండ్ సెట్టింగులు

మంచి ఫోన్‌తో తీసినా ఫర్వాలేదు. ఫోన్‌లో ఉండే మామూలు కెమెరా యాప్ మాత్రం వాడకండి. అది వెలుతురును బట్టి ఫ్రేమ్‌రేట్ మార్చేస్తుంది, తర్వాత సౌండ్ జారిపోతుంది. ఉచితంగా దొరికే బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్‌లో ఫ్రేమ్‌రేట్, షటర్, వైట్ బ్యాలెన్స్, ఫోకస్ అన్నీ లాక్ చేయొచ్చు.

- ఫ్రేమ్‌రేట్ 24, షటర్ 1/50. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబ్‌లైట్లు, ఎల్ఈడీలు ఈ షటర్ దగ్గర మినుకుమనవు
- వైట్ బ్యాలెన్స్ ప్రతి సీనుకీ ఒకే అంకె, ఆటో వద్దు
- సౌండ్ 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, వేరే రికార్డర్‌లో. మాటలు మైనస్ 12 డెసిబెల్స్ దరిదాపుల్లో ఉండేలా
- నెత్తిమీద బూమ్ మైక్, చొక్కా లోపల ల్యాపెల్ మైక్, రెండూ ఉండాలి
- ప్రతి టేక్‌కీ క్లాప్. క్లాప్‌బోర్డ్ లేకపోతే చప్పట్లు

ఫ్యాన్ ఆపండి, ఫ్రిజ్ ఆపండి. ఫ్రిజ్ ఆపినవాళ్లు తమ బైక్ తాళం అందులోనే పెడితే, వెళ్లేటప్పుడు మళ్లీ ఆన్ చేయడం మర్చిపోరు. ప్రతి లొకేషన్లో సీను అయ్యాక అందరూ కదలకుండా నిలబడి ఒక నిమిషం గది శబ్దం రికార్డు చేయండి. ఎడిటింగ్‌లో మాటల మధ్య ఖాళీలు అతకడానికి అది కావాలి.

డబ్బింగ్ చెప్పుకోవచ్చులే అన్న ధైర్యంతో సౌండ్ వదిలేయకండి. కొత్త నటులు స్టూడియోలో అదే మాటను అదే తడబాటుతో మళ్లీ చెప్పలేరు. ఈ తరహా సినిమాకి ఆ తడబాటే ముఖ్యం.

## 8. షెడ్యూల్

డిసెంబర్ నుంచి మార్చి మొదటి వారాల వరకు బెంగళూరులో షూటింగ్‌కి మంచి కాలం. ఏప్రిల్, మే సాయంత్రాల్లో ఉరుముల వాన పడుతుంది, సెప్టెంబర్, అక్టోబర్ నెలల్ని నమ్మలేం.

శని ఆదివారాలే తీస్తే 16 రోజులకు రెండు నెలలు. అప్పుడు వచ్చే పెద్ద చిక్కు కంటిన్యుటీ (ఒక షాటుకీ ఇంకో షాటుకీ రూపం మారకుండా చూసుకోవడం), అందులోనూ గడ్డం. కథలో నాలుగు రోజులే జరిగితే హీరో గడ్డం రెండు నెలలూ ఒకేలా ఉండాలి. ట్రిమ్మర్ నంబర్ రాసుకుని ప్రతి శుక్రవారం రాత్రి అదే నంబర్‌తో చేయించండి. హెయిర్ కట్ ఎప్పుడో మీరే చెప్పండి. హీరో వేసుకునే చొక్కాలు కొన్నరోజే రెండేసి కొని, షూటింగ్ అయ్యేదాకా మీ దగ్గరే ఉంచుకోండి.

వీలైతే దీనికన్నా మంచి దారి: వారం రోజులు సెలవు పెట్టుకుని ముందూ వెనకా శని ఆదివారాలతో కలిపి తొమ్మిది రోజులు ఏకధాటిగా తీయడం, మిగిలిన ఏడు రోజులు వారాంతాల్లో పూర్తి చేయడం. పీజీ సీన్లన్నీ ఆ తొమ్మిది రోజుల్లో వారం మధ్యలో అయిపోతాయి.

ఒన్ లైన్ ఆర్డర్ (ఏ రోజు ఏ సీన్లో చెప్పే పట్టిక) వేసేటప్పుడు తేలిక సీన్లను మొదటి రోజుకి, బరువైన సీన్లను మధ్యకి పెట్టండి. నాన్నకు నిజం చెప్పే సీను ఆఖరి రోజుకి వదిలితే అందరూ అలసిపోయి ఉంటారు. మొదటి రోజే పెడితే తండ్రీకొడుకులుగా నటించేవాళ్లకు ఇంకా చనువు ఉండదు.

ముందురోజు రాత్రి ఎనిమిదిలోపు అందరికీ కాల్ షీట్ వాట్సాప్‌లో పంపండి. అందులో ఉండాల్సినవి: రిపోర్టింగ్ టైమ్, లొకేషన్ మ్యాప్, సీన్ నంబర్లు, ఎవరికి ఏ బట్టలు, భోజనం ఎన్నింటికి, ఎన్నింటికి వదిలేస్తారు. ఆఖరిది రాసి, రాసిన టైముకే వదిలేయండి. రెండో వారం కూడా వాళ్లంతా రావాలంటే అదే మార్గం.

## 9. కామెడీని కెమెరాతో పాడుచేయకుండా తీయడం

ముందు మాస్టర్ షాట్. ఇద్దరూ ఒకే ఫ్రేములో ఉండేలా, సీను మొదటి నుంచి చివరి దాకా. కామెడీలో చాలాసార్లు ఈ ఒక్క షాటే సరిపోతుంది. ఒకరి మాట, ఇంకొకరి ముఖం ఒకేసారి కనిపిస్తే నవ్వు తనంతట తనే వస్తుంది. తర్వాత సజెషన్ షాట్లు (ఒకరి భుజం మీదుగా ఇంకొకరిని చూపేవి), క్లోజులు అవసరమైతేనే.

ప్రతి సీన్లోనూ వినేవాళ్ల క్లోజ్ ఒకటి తప్పకుండా తీయండి. మెనూ సీన్లో అమ్మ "బుధవారం గదా" అన్నాక కుర్రాడి ముఖం కావాలి. గోడ వైపు ఒకసారి చూస్తాడు, నోరు తెరుస్తాడు, మూసేస్తాడు. మీరు కట్ చెప్పడానికి ఐదు సెకన్లు ఆగండి. ఆ ఐదు సెకన్లలోనే బంగారం ఉంటుంది.

ఫోన్ సీన్లకు అవతలి గొంతు నిజంగా ఉండాలి. అమ్మ పాత్రధారిని పక్క గదిలో కూర్చోబెట్టి నిజంగానే ఫోన్ చేయించండి. ఆవిడ గొంతు ఇయర్‌ఫోన్‌లో హీరోకి మాత్రమే వినపడాలి, పక్క గదిలో ఆవిడకో రికార్డర్ వేరుగా పెట్టండి. అసిస్టెంట్ డైరెక్టర్ డైలాగులు అందిస్తుంటే మాట్లాడే హీరోలో ఆ తత్తరపాటు రాదు.

తరచూ జరిగే తప్పులు, వాటికి మందు:

- అందరూ అరుస్తున్నారా? డైలాగు సగం గొంతుతో చెప్పమని ఒక టేక్ తీయండి. చాలాసార్లు అదే ఫైనల్ అవుతుంది.
- మాటల మీద మాట పడుతోందా? మాస్టర్‌లో పడనివ్వండి, సహజంగా ఉంటుంది. క్లోజుల్లో మాత్రం ఒకరు పూర్తిచేశాకే ఇంకొకరు మాట్లాడాలి, లేకపోతే కట్ చేయలేరు.
- యూనిట్ నవ్వేస్తోందా? మూడో టేక్ నుంచి ఎవరికీ నవ్వు రాదు, కంగారుపడకండి. సెట్‌లో వచ్చిన నవ్వుని బట్టి టేక్ ఓకే చేయొద్దు.
- బూతు డైలాగు ఉందా? అదే సీనుకి శుభ్రమైన మాటతో ఇంకో టేక్ ఉంచుకోండి. సెన్సార్‌లో మ్యూట్ పడితే పంచ్ మధ్యలో గొయ్యి పడుతుంది.

ప్రతి రాత్రీ ఫుటేజ్ రెండు డిస్కుల్లోకి ఎక్కించి, రెండూ వేరువేరు ఇళ్లలో ఉంచండి. తెరిచి చూడకుండా కార్డు ఫార్మాట్ చేయకండి.

## 10. ఎడిటింగ్, సంగీతం

డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్‌తో ఎడిటింగ్, కలరింగ్, సౌండ్ అన్నీ చేసుకోవచ్చు, 4కే యూహెచ్‌డీ వరకు ఎక్స్‌పోర్ట్ ఇస్తుంది. మొదటి కట్ సంగీతం లేకుండా చూడండి. సంగీతం లేకుండా నవ్వు రాని సీనుకి "టుయ్‌య్" శబ్దాలు తగిలిస్తే ఇంకా చేటు.

తర్వాత పది పన్నెండు మంది తెలియనివాళ్లను పిలిచి చూపించండి. వాళ్ల ముందు ఒక ఫోన్ పెట్టి గదిలో సౌండ్ రికార్డు చేయండి. ఆ ఆడియోను మీ టైమ్‌లైన్ కింద పరిస్తే ఎక్కడ నవ్వారో, ఎంతసేపు నవ్వారో, ఆ నవ్వులో ఏ డైలాగు మునిగిపోయిందో సెకన్లతో సహా తెలుస్తుంది. మునిగిన డైలాగు ముందు ఓ సెకను ఖాళీ ఇవ్వండి. నవ్వు రాని చోట రెండు మార్గాలు ప్రయత్నించండి: ముందు సెకనున్నర కోసేయడం, లేదా తర్వాత రెండు సెకన్లు వదలడం. రెండూ పనిచేయకపోతే ఆ జోకు తీసేయండి.

రూమ్‌మేట్ ఫోన్‌లో సినిమా పాట మోగినా హక్కులు కొనాలి, ఐదు సెకన్లయినా అంతే. హీరో కూనిరాగం తీసినా ట్యూన్, సాహిత్యం హక్కులు ఉంటాయి. పాత కీర్తన వాడదామని కొందరు అనుకుంటారు. అన్నమయ్య సాహిత్యానికి కాపీరైట్ లేదు, నిజమే. కానీ మనం వినే బాణీల్లో చాలావాటిని 20వ శతాబ్దంలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి లాంటి పెద్దలు కట్టారు. చట్టం ప్రకారం రచయిత పోయాక 60 ఏళ్ల వరకు హక్కులుంటాయి. కాబట్టి సాహిత్యం తీసుకుని కొత్త బాణీ కట్టించుకోండి. వేమన పద్యం హాస్టల్ బాత్రూమ్‌లో మీ నటుడి సొంత రాగంలో పాడించారా, పైసా ఖర్చు లేదు.

## 11. సెన్సార్, ఫెస్టివల్స్, విడుదల

థియేటర్‌లో గానీ టికెట్ పెట్టి బయట గానీ చూపించాలంటే సెన్సార్ సర్టిఫికెట్ తప్పదు. సెన్సార్ బోర్డు (సీబీఎఫ్‌సీ) ప్రాంతీయ కార్యాలయాలు బెంగళూరులోనూ హైదరాబాద్‌లోనూ ఉన్నాయి, దరఖాస్తు ఈ-సినీప్రమాణ్ పోర్టల్‌లో ఆన్‌లైన్లోనే. 2023 చట్ట సవరణ తర్వాత యూఏని (పెద్దల తోడుతో పిల్లలు చూడొచ్చనే సర్టిఫికెట్‌ని) మూడుగా విడదీశారు: 7+, 13+, 16+. కుర్రకారు కామెడీ ఏ మెట్టులో పడుతుందనేది మీ భాష, తాగుడు సీన్లను బట్టి ఉంటుంది. సిగరెట్ ఉంటే ఆరోగ్య హెచ్చరిక స్పాట్లు, సీన్లో అక్షరాల హెచ్చరిక పెట్టాలి. కథకు పనికిరాని సిగరెట్ అయితే స్క్రిప్ట్‌లోనే తీసేయడం మేలు.

ఓటీటీకి, యూట్యూబ్‌కి సెన్సార్ సర్టిఫికెట్ అవసరం లేదు. ఓటీటీలు 2021 ఐటీ రూల్స్ ప్రకారం వయసు రేటింగ్ తామే ఇస్తాయి.

వరస ముఖ్యం. ముందు ఫెస్టివల్స్, తర్వాత అమ్మకం, ఆఖర్న యూట్యూబ్. ఒకసారి ఆన్‌లైన్లో పెట్టిన సినిమాను చాలా ఫెస్టివల్స్ తీసుకోవు. బెంగళూరు అంతర్జాతీయ చిత్రోత్సవం ఊళ్లోనే ఉంది, నవంబర్‌లో గోవాలో ఇఫీ, దాంతోపాటే ఎన్ఎఫ్‌డీసీ నడిపే ఫిల్మ్ బజార్ (ఇప్పుడు వేవ్స్ ఫిల్మ్ బజార్) జరుగుతాయి. అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ కలిసేది బజార్‌లోనే. అక్కడ వర్క్ ఇన్ ప్రోగ్రెస్ విభాగం ఉంది, పూర్తికాని కట్‌తో కూడా దరఖాస్తు చేయొచ్చు.

సబ్‌టైటిల్స్ ఆఖరి రాత్రి తూతూమంత్రంగా చేయకండి. జోకు చివరి మాట తెర మీద నటుడి నోటికన్నా ముందే కనిపిస్తే నవ్వు చచ్చిపోతుంది. పంచ్‌ని వేరే సబ్‌టైటిల్‌గా విడదీసి, ఆ మాట పలికే ఫ్రేము దగ్గర పెట్టండి. రెండు వరసలకు మించొద్దు. కన్నడ మాటలు వచ్చే చోట తెలుగు ప్రేక్షకుల కోసం తెలుగులో కూడా ఇవ్వండి. పూర్తయ్యాక తెలుగు రాని ఇద్దరు ముగ్గురికి చూపించి, మెనూ సీన్లో నవ్వారో లేదో గమనించండి.

పంపేముందు ఫోల్డర్‌లో ఉండాల్సినవి:
- ఫైనల్ మాస్టర్, సబ్‌టైటిల్స్ లేని కాపీ, సబ్‌టైటిల్స్ ఉండే ఎస్ఆర్‌టీ ఫైల్
- డైలాగులు, సంగీతం, ఎఫెక్ట్స్ వేరువేరు ట్రాకులుగా
- అన్ని అగ్రిమెంట్లు, లొకేషన్ లేఖలు స్కాన్ చేసినవి
- సంగీతం వివరాల పట్టిక: ఏ పాట, ఎన్ని సెకన్లు, ఎవరి హక్కు
- పోస్టర్, ట్రైలర్, షూటింగ్‌లో తీసిన పది మంచి స్టిల్స్

స్టిల్స్ సంగతి షూటింగ్ మొదటి రోజే ఒకరికి అప్పగించండి. వీడియో నుంచి తీసిన ఫ్రేములు పోస్టర్ సైజుకి మసకగా వస్తాయి.